గోదావరి డెల్టాలో చల్లదనం చరిత్ర: అమోనియా నుంచి ప్రొపేన్ వరకు

పరిచయం

ప్రాంతీయ చరిత్ర అనగానే మనకు ఆనకట్టలు, కాలువలు, రేవులు, ఉద్యమాలు గుర్తుకొస్తాయి. గోదావరి డెల్టా విషయంలో ఇది మరీ నిజం. 1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద కట్టిన ఆనకట్ట నుంచే ఇక్కడి ఆధునిక చరిత్రను మొదలుపెట్టడం అలవాటు. ఈ భాగంలో మనం కంటికి కనిపించని ఒక పదార్థం చరిత్రను పరిశీలిద్దాం. అది గది ఏసీలోని గొట్టాల్లో తిరిగే వాయువు. పుస్తకాల్లో దానిని శీతలకారకం అంటారు. రాజమహేంద్రవరంలోనైనా భీమవరంలోనైనా మెకానిక్ మాత్రం దానిని 'గ్యాసు' అనే అంటాడు. "గ్యాసు అయిపోయిందండి, పట్టించాలి" అనే మాట వేసవిలో ఈ జిల్లాల్లో వినని వీధి ఉండదు. ఇక్కడ మనం రెండు పేర్లూ వాడుకుందాం.

ఈ గ్యాసు గత వందేళ్లలో చాలాసార్లు మారింది. మారిన ప్రతిసారీ ఒక ప్రమాదం తొలగి, అప్పటికి ఎవరూ ఊహించని మరొకటి బయటపడింది. ఇప్పుడు మరో మార్పు నడుస్తోంది. భూతాపాన్ని తక్కువగా పెంచే గ్యాసులకు మారాలని ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం డెల్టాలోని ఒక డాబా ఇంటి గోడదాకా ఎలా వచ్చింది, అక్కడ దానికి ఎదురవుతున్న చిక్కులేమిటి అన్నదే మన విషయం.

ముందుగా యంత్రం పనితీరును గుర్తుచేసుకుందాం. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఏసీ లోపలి పెట్టెలో శీతలకారకం ఆవిరి అవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కుతుంది. అది మళ్లీ ద్రవంగా మారుతూ ఆ వేడిని వీధిలోకి వదులుతుంది. ఇదే చక్రం తిరుగుతూ ఉంటుంది. ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. ఈ చక్రంలో గ్యాసు ఖర్చు కాదు. వంటింటి సిలిండరులో గ్యాసు అయిపోయినట్టు ఏసీలో అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోయిందనే అర్థం. ఈ చిన్న విషయం చివరిదాకా మనకు అవసరమవుతుంది.

ఏసీకి ముందు

డెల్టా వేడికి ఒక ప్రత్యేకత ఉంది. రాయలసీమ వేడి పొడి వేడి. ఇక్కడ సముద్రం, కాలువలు, వరిచేలు, చేపల చెరువులు గాలిని తేమతో నింపుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఒంటిమీది చెమట ఆరదు. చెమట ఆరకపోతే శరీరానికి చల్లబడే దారి మూసుకుపోతుంది. అందుకే ఇక్కడివారు ఎండకన్నా ఉక్కపోతను ఎక్కువగా తిట్టుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. పడమటి నుంచి వడగాలి వీచే రోజుల్లో రాజమహేంద్రవరంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. 2002 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఉభయ గోదావరి జిల్లాలు అప్పుడు బాగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. 2015 వేసవిలో విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా మరణించారు. చనిపోయినవారిలో వృద్ధులూ, ఎండలో పనిచేసే కూలీలూ ఎక్కువ. కాబట్టి చల్లదనాన్ని విలాసంగా మాత్రమే చూసే చరిత్ర సగం చరిత్ర అవుతుంది.

పాత ఇళ్లు ఈ వేడికి తమవైన జవాబులు చెప్పాయి. మండువా లోగిలిలో నడిమిన ఆకాశానికి తెరచిన చోటు ఉంటుంది. వేడిగాలి పైకి పోయి, చుట్టూ ఉన్న వసారాల గుండా గాలి ఆడుతుంది. మందమైన గోడలు, ఎత్తయిన పెంకుల కప్పు, తాటాకు పందిళ్లు, వాకిట్లో చెట్టు, మూలన కూజా ఉండేవి. కలిగినవారి ఇళ్లలోనూ కచేరీల్లోనూ కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో వీటి స్థానంలో సిమెంటు స్లాబు డాబాలు వచ్చాయి. తుఫానులకు తట్టుకోవడంలో, వానలకు కారకుండా ఉండటంలో అవి మెరుగే. 1977 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమను తాకిన తుఫాను తరువాత ఎవరైనా పక్కా ఇల్లే కోరుకున్నారంటే తప్పుపట్టలేం. అయితే పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. తుఫాను భయం తీర్చిన ఇల్లే ఏసీ అవసరాన్ని పెంచింది. కట్టడాల చరిత్ర రాసేవారు ఈ సంబంధాన్ని తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఐసు ఫ్యాక్టరీలో అమోనియా

డెల్టాలో యంత్రాల చల్లదనం మనుషులకన్నా ముందు చేపలకు అందింది. మద్రాసు ప్రెసిడెన్సీలో తొలిరోజుల మంచు ఓడల్లో అమెరికా నుంచి వచ్చేది. దానిని నిలవ చేయడానికి 1842లో మద్రాసు తీరాన కట్టిన భవనానికే ఐస్ హౌస్ అని పేరు. 1870లలో జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండే అమోనియాతో నడిచే శీతల యంత్రాన్ని నమ్మకమైన స్థాయికి తెచ్చిన తరువాత ఐసును ఎక్కడికక్కడ తయారుచేయడం సాధ్యమైంది. సముద్రం మీది ఐసు వ్యాపారం క్రమంగా కనుమరుగైంది.

కాకినాడ రేవు దగ్గర, నరసాపురం, భీమవరం, పాలకొల్లు పరిసరాల్లో కనిపించే ఐసు ఫ్యాక్టరీ పద్ధతి ఆ లిండే యంత్రానికి వారసురాలే. పెద్ద తొట్టిలో ఉప్పునీరు ఉంటుంది. అమోనియా గొట్టాలు ఆ ఉప్పునీటిని సున్నా డిగ్రీలకన్నా కిందికి చల్లబరుస్తాయి. ఉప్పు వల్ల ఆ నీరు గడ్డకట్టదు. అందులో ముంచిన ఇనుప డబ్బాల్లోని మంచినీరు మాత్రం దిమ్మగా గడ్డకడుతుంది. ఆ దిమ్మలను మరలో పొడిచేసి, చేపల మధ్య, రొయ్యల మధ్య పొరలు పొరలుగా వేసి లారీలకెత్తుతారు. 1990లలో టైగర్ రొయ్యతోను, 2009లో వనామి సాగుకు దేశంలో అనుమతి వచ్చిన తరువాత మరింతగాను ఈ పరిశ్రమ పెరిగింది. కొల్లేరు అంచు నుంచి కోనసీమ దాకా ఐసు లేనిదే ఒక్క రోజు గడవని వ్యాపారం ఇది.

ఇక్కడ విద్యార్థి ఆగి ఆలోచించాల్సిన సంగతి ఉంది. అమోనియా ఓజోన్ పొరకు హాని చేయదు. భూతాపాన్నీ పెంచదు. నేడు 'సహజ శీతలకారకాలు' అంటూ కొత్తగా చెబుతున్న వాటిలో అది మొదటిది. డెల్టాలోని ఐసు ఫ్యాక్టరీలు, పెద్ద శీతల గిడ్డంగులు దానిని వదలకుండా వాడుతూనే ఉన్నాయి. అవి పర్యావరణం కోసం అలా చేయలేదు. పెద్ద యంత్రాల్లో అమోనియా చవక, పనిలో దిట్ట, అంతే. మరి అది మన పడకగదిలోకి ఎందుకు రాలేదు? విషవాయువు కాబట్టి. కొద్దిగా కారినా ఘాటైన వాసన కళ్లను, గొంతును మండిస్తుంది. ఎక్కువ కారితే ప్రాణం తీస్తుంది. రాగిని తినేస్తుంది గనుక చిన్న ఏసీల రాగి గొట్టాలకూ పనికిరాదు. ఐసు ఫ్యాక్టరీలో ఒక అనుభవజ్ఞుడైన ఆపరేటరు కనిపెట్టుకుని ఉంటాడు. పడకగదిలో అందరూ నిద్రపోతుంటారు.

క్షేమకరమైన గ్యాసు, దాని వెనుక కథ

ఈ చిక్కే 1920లలో అమెరికాలోనూ ఎదురైంది. అప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి కారి మనుషులు చనిపోయిన సంఘటనలు జరిగాయి. థామస్ మిడ్‌గ్లీ అనే శాస్త్రవేత్త బృందం విషం కాని, మండని వాయువు కోసం వెతికి క్లోరోఫ్లోరోకార్బన్లను తయారుచేసింది. 1930లో ఒక సభలో మిడ్‌గ్లీ ఆ వాయువును స్వయంగా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు అని రెండూ ఒక్క ఊపిరిలో రుజువయ్యాయి. ఫ్రిజ్‌లకు ఆర్-12, గది ఏసీలకు దాని దగ్గరి చుట్టమైన ఆర్-22 ప్రపంచమంతా పరచుకున్నాయి. మన జిల్లాల్లో బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో కిటికీకి బిగించిన పాత ఏసీలలో తిరిగింది ఆర్-22యే.

ఈ వాయువుల అసలు స్వభావం బయటపడటంలో తెలుగు నేలకు ఒక చిన్న పాత్ర ఉంది. తమిళనాడులో పుట్టి, అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన వీరభద్రన్ రామనాథన్ 1960లలో సికింద్రాబాదులోని ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో ఉద్యోగం చేశారు. ఫ్రిజ్‌లలోంచి శీతలకారకం అంత త్వరగా ఎందుకు కారిపోతోందో కనుక్కోవడం ఆయన పని. పెద్దగా పేరు తెచ్చే పని కాదది. తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి అమెరికా వెళ్లారు. 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్లోరోఫ్లోరోకార్బన్లు పైవాతావరణంలో ఓజోన్ పొరను నాశనం చేస్తాయని చెప్పారు. ఆ మరుసటి సంవత్సరం, 1975లో, రామనాథన్ మరో సంగతి బయటపెట్టారు. ఇవే వాయువులు భూమి వేడిని బయటికి పోనీయకుండా పట్టివుంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కన్నా అణువుకు అణువు లెక్కన వేల రెట్లు బలమైనవని చూపించారు. అప్పటిదాకా భూతాపం అంటే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే అనుకునేవారు. సికింద్రాబాదు షెడ్డులో కారిపోయిన వాయువు ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు పదేళ్ల తరువాత ఆకాశంలో జవాబు దొరికిందన్నమాట.

మాంట్రియల్ నుంచి కిగాలీ దాకా

1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. దేశంలో 2000లో ఓజోన్ క్షీణక పదార్థాల నియంత్రణ నియమాలు వచ్చాయి. 2010 నాటికి సాధారణ వినియోగంలో క్లోరోఫ్లోరోకార్బన్లు నిలిచిపోయాయి. ఫ్రిజ్‌లలో ఆర్-12 స్థానంలోకి వచ్చిన ఆర్-134ఎ తయారీ పద్ధతిపై హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పనిచేసింది. విదేశీ కంపెనీల పేటెంట్లకు తలొగ్గకుండా సొంత పద్ధతి ఉండాలన్న పట్టుదల ఆ కృషి వెనుక ఉంది.

గది ఏసీలోని ఆర్-22 ఓజోన్‌కు చేసే హాని ఆర్-12తో పోలిస్తే చాలా తక్కువ. అందువల్ల దానికి ఎక్కువ గడువు దొరికింది. దేశంలో దాని వినియోగాన్ని 2013లో గరిష్ఠ పరిమితి దగ్గర ఆపారు. తరువాత అంచెలంచెలుగా కోత విధించారు. కొత్త యంత్రాల తయారీలో దాని వాడకం 2024 చివరితో ముగిసింది. 2030 తరువాత పాత యంత్రాల మరమ్మతుకు మాత్రమే స్వల్పంగా మిగులుతుంది.

ఆర్-22కు బదులుగా మొదట వచ్చింది ఆర్-410ఎ. దానిలో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు ముప్పు లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భూతాపం లెక్క చూస్తే మాత్రం అది పాతదానికన్నా ఘోరం. ఒక వాయువు వందేళ్లలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఎన్ని రెట్లు భూమిని వేడెక్కిస్తుందో చెప్పే అంకెను భూతాప సామర్థ్యం అంటారు. ఒడంబడిక లెక్కల్లో వాడే అంకెల ప్రకారం ఆర్-22కు అది 1,810, ఆర్-410ఎకు 2,088, ఆర్-32కు 675. ప్రొపేన్‌కు, అంటే ఆర్-290కి, 3 మాత్రమే.

ఈ అంకెలు గాలిలో తేలకుండా ఒక ఇంటికి అన్వయించి చూద్దాం. ఒక పాత ఏసీలో కిలో ఆర్-22 ఉందనుకోండి. అది మొత్తం గాలిలో కలిస్తే 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఆ ఒక్క కిలో దాదాపు 780 లీటర్ల పెట్రోలుకు సమానం. అదే స్థానంలో 800 గ్రాముల ఆర్-32 ఉండి కారితే లెక్క 540 కిలోలకు దిగుతుంది. 350 గ్రాముల ప్రొపేన్ కారితే సుమారు ఒక కిలో. తేడా ఎంతో చూశారుగా!

2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఒడంబడికకు సవరణ చేశారు. ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని పెంచే హైడ్రోఫ్లోరోకార్బన్లను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. అక్కడ భారతదేశం నెమ్మదైన దారిని కోరింది. పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్, గల్ఫ్ దేశాలతో కలిసి చివరి బృందంలో నిలిచింది. ఈ బృందం 2028లో వినియోగాన్ని పరిమితి దగ్గర ఆపాలి. 2032 నాటికి 10 శాతం, 2037కు 20 శాతం, 2042కు 30 శాతం, 2047కు 85 శాతం తగ్గించాలి. భారతదేశం ఈ సవరణను 2021లో ఆమోదించింది.

ఈ గడువు ఎక్కువా తక్కువా అన్న వాదన ఇంకా నడుస్తోంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం అప్పటికి దేశంలో ఏసీ ఉన్న ఇళ్లు సుమారు 8 శాతమే. పదింటిలో తొమ్మిది ఇళ్లకు ఇంకా చల్లదనం అందని దేశాన్ని, ప్రతి గదిలో ఏసీ ఉన్న దేశాలతో ఒకే గీత మీద నిలబెట్టడం న్యాయం కాదన్న వాదనలో బలం ఉంది. అయితే మరో కోణమూ ఉంది. రాబోయే కోట్ల యంత్రాలు ఏ గ్యాసుతో వస్తాయో ఇప్పుడే నిర్ణయం కాకపోతే, వాటి మరమ్మతు కోసం అదే గ్యాసును దశాబ్దాల పాటు తయారుచేస్తూ పోవాలి. వేడెక్కే భూమి మీద మొదట కూలిపోయేది డెల్టాలో ఎండలో పనిచేసే కూలీయే. గడువు వాదన ఆ కూలీ పేరిటే జరుగుతుంది. ఆ గడువువల్ల ఆయనకు ఒరిగేది మాత్రం తక్కువ.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఆర్-410ఎ ఓజోన్ సమస్యను తీర్చి భూతాప సమస్యను ఎందుకు పెంచింది? ఐసు ఫ్యాక్టరీలో పనికొచ్చే అమోనియా గది ఏసీకి ఎందుకు పనికిరాదు? ఒక్కొక్కదానికి ఐదు వాక్యాల్లో జవాబు రాయండి.

పాశర్లపూడి జ్ఞాపకం, ప్రొపేన్ భయం

అంకెలు చూస్తే ప్రొపేనే గెలవాలి. వాస్తవంలో గెలిచింది ఆర్-32. జపాన్ కంపెనీ డైకిన్ 2012లో దానిని తన దేశంలో గది ఏసీలకు తెచ్చి, త్వరలోనే భారత మార్కెట్లోకీ తీసుకొచ్చింది. దానికి ముందే, 2011లో, వర్ధమాన దేశాల తయారీదారులకు తన మౌలిక పేటెంట్లను ఉచితంగా వాడుకోనిచ్చింది. ఆర్-410ఎలో సగం ఆర్-32యే కాబట్టి తయారీదారులకు అది కొత్త వాయువు కూడా కాదు. మరోవైపు గోద్రెజ్ సంస్థ జర్మన్ సహకారంతో ప్రొపేన్ ఏసీలను 2012లోనే భారత మార్కెట్లో పెట్టింది. ఒక భారతీయ కంపెనీ ప్రపంచంలోనే ముందువరుసలో నిలిచిన అరుదైన సందర్భమిది. అయినా మిగతా కంపెనీలు ఆ దారి పట్టలేదు. గోద్రెజ్ కూడా తరువాత ఆర్-32 యంత్రాలను అమ్మింది. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కొసన శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ వంటి సంస్థలు ఇటీవల ఫ్యాక్టరీలు పెట్టాక మన రాష్ట్రం ఏసీల తయారీ కేంద్రంగా మారింది. మన జిల్లాల దుకాణాల్లో ఈనాడు కనిపించే కొత్త ఏసీల పెట్టెల మీద ఎక్కువగా ఉండే గుర్తు ఆర్-32.

ప్రొపేన్ వెనుకబడటానికి ముఖ్య కారణం అది మండే వాయువు కావడం. ఆర్-32 కూడా మండుతుంది. కాని అంటుకోవడం కష్టం, మంట పాకడం నెమ్మది. ప్రొపేన్ వంటగ్యాసుకు తోబుట్టువు.

ఈ విషయంలో గోదావరి డెల్టాకు ఒక ప్రత్యేకమైన జ్ఞాపకం ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు అన్వేషణ మొదలయ్యాక కోనసీమ కొబ్బరితోటల మధ్య బావులు, పైపులైన్లు మామూలు దృశ్యమయ్యాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఒక బావి అదుపుతప్పి ఎగజిమ్మి అంటుకుంది. ఆ మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది తమ ఇళ్లలో, హోటల్లో, రోడ్డు మీద ఉన్నవారే. ఆ ప్రాంతంలో 'మండే వాయువు' అన్న మాట సాంకేతిక పదంగా వినిపించదు. ఊరి పేర్లతో, మనుషుల పేర్లతో కలిసి వినిపిస్తుంది.

ఆ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తప్పు. దానిని పరిమాణంతో తూచి చూడటం మాత్రం అవసరం. నగరంలో పేలింది ఎంతో దూరం గ్యాసును మోసే పెద్ద పైపులైను. వంటింటి సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. ఒక ప్రొపేన్ ఏసీలో ఉండేది ఆ సిలిండరులో నలభయ్యో వంతు, అంటే సుమారు మూడు నాలుగు వందల గ్రాములు. నలభై రెట్లు ఎక్కువ గ్యాసును మంట పక్కనే పెట్టుకుని మనం రోజూ వంట చేస్తున్నాం. మరి భయం దేనికి? సిలిండరు గ్యాసులో వాసన కలుపుతారు. కారితే ముక్కు చెబుతుంది. ఏసీలోని ప్రొపేన్‌కు సాధారణంగా వాసన ఉండదు. అది గాలికన్నా బరువు. మూసిన గదిలో కారితే నేలను పట్టుకుని నిలుస్తుంది. అందుకే గది వైశాల్యాన్ని బట్టి యంత్రంలో ఎంత గ్యాసు ఉండవచ్చో అంతర్జాతీయ ప్రమాణాలు పరిమితి పెట్టాయి. ఆ పరిమితిలో, సరిగా బిగించిన యంత్రం ప్రమాదకరం కాదు. 'సరిగా బిగించిన' అన్న మాట దగ్గరే మొత్తం కథ ఆగుతోంది.

మెకానిక్ చేతిలో

మాంట్రియల్‌లోనో కిగాలీలోనో రాసిన వాక్యం చివరికి ఒక మెకానిక్ చేతి సంచిలోకి రావాలి. మార్చి నుంచి జూన్ దాకా డెల్టా పట్టణాల్లో ఆయనకు క్షణం తీరిక ఉండదు. నిచ్చెన, చిన్న సిలిండరు, గేజీ, మోటారుసైకిలు ఉంటే చాలు. వీరిలో ఐటిఐలో శీతలీకరణ ట్రేడు చదివినవారు కొందరైతే, మరొకరి వెంట తిరిగి పని నేర్చుకున్నవారు చాలామంది. ఈ రెండో దారిలో నేర్చిన పనితనం తక్కువేమీ కాదు. అయితే అది ఆర్-22 కాలంలో రూపుదిద్దుకుంది. ఆర్-22 మండదు, వాసన రాదు, మెకానిక్‌కు వెంటనే ఏ హానీ చేయదు. అందువల్ల గొట్టాన్ని విప్పి ఉన్న గ్యాసును గాలిలోకి వదిలేయడం, వెంటనే టార్చి వెలిగించి అతుకు వేయడం, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి తీయకుండా కొంచెం గ్యాసుతోనే తోసేయడం అలవాటయ్యాయి. మిడ్‌గ్లీ 1930లో ఊది చూపించిన క్షేమం ఈ చేతుల్లో అలవాటుగా నిలిచిపోయిందని చెప్పవచ్చు. ప్రొపేన్ ఉన్న యంత్రం దగ్గర ఇవే పనులు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

2019 ప్రణాళిక 2022-23 నాటికి లక్షమంది సర్వీసు మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఉద్దేశం మంచిదే. కాని వేసవిలో రోజుకూలిని వదులుకుని ఎవరూ తరగతికి రారు. రావాల్సిన నెలల్లో పని ఉంటుంది. పని లేని నెలల్లో డబ్బు ఉండదు. వాక్యూమ్ పంపు, గ్యాసును తిరిగి సిలిండరులోకి పట్టే యంత్రం, మండే వాయువును పసిగట్టే పరికరం కొనాలంటే ఒక సీజను సంపాదనలో పెద్ద భాగం పోతుంది. ఇంటివారు వాటి కోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు. "పక్కవీధి అబ్బాయి సగానికే చేస్తానన్నాడండి" అనే మాటతో బేరం తెగిపోతుంది.

తీరప్రాంతంలో ఇంకో ఇబ్బంది తోడవుతుంది. కాకినాడ, అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి బయటి పెట్టెలోని లోహపు రేకులను, గొట్టాలను తినేస్తుంది. సన్నని చిల్లులు పడి గ్యాసు మెల్లగా కారుతుంది. చిల్లు వెతికి మూయకుండా గ్యాసు మాత్రం పట్టిస్తే మరుసటి వేసవికి మళ్లీ అదే కథ. పరిచయంలో చెప్పుకున్న మాటను గుర్తుతెచ్చుకోండి. ఏసీలో గ్యాసు అయిపోదు, కారిపోతుంది. ఒక యంత్రం జీవితకాలంలో మూడుసార్లు పూర్తిగా గ్యాసు పట్టించారంటే, దానిలోని వాయువు మూడుసార్లు ఆకాశంలో కలిసినట్టే. పెట్టె మీద ఏ గుర్తు ఉందన్నదానికన్నా ఎన్నిసార్లు కారిందన్నదే అప్పుడు పెద్ద లెక్క అవుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. పాత ఆర్-22 యంత్రంలో ఆర్-32నో ప్రొపేన్‌నో నింపకూడదు. ఆ యంత్రం విద్యుత్ భాగాలు మండే వాయువును దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. ఆర్-32 పీడనం కూడా చాలా ఎక్కువ. చవకగా వస్తుందని వంటగ్యాసు ఎక్కించడం మరీ ప్రమాదం. గ్యాసు మార్పిడి అంటే యంత్రం మార్పిడి. ఈ ఖర్చే మధ్యతరగతి ఇంటిని వెనక్కి లాగుతుంది. ఏసీని పన్నుల వ్యవస్థ చాలాకాలం విలాసవస్తువుగానే చూసింది. 2017లో జిఎస్‌టి వచ్చినప్పుడు అత్యధికమైన 28 శాతం శ్రేణిలో పెట్టారు. 2025 సెప్టెంబరులో గాని అది 18 శాతానికి దిగలేదు.

గ్యాసు ఒక్కటే మొత్తం లెక్క కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఏసీ వల్ల కలిగే భూతాపంలో పెద్ద భాగం అది తాగే విద్యుత్తు నుంచే వస్తుంది. రాజమహేంద్రవరం చుట్టుపక్కల విజ్జేశ్వరం, జేగురుపాడు వద్ద సహజవాయువుతో నడిచే విద్యుత్ కేంద్రాలు 1990లలో వచ్చాయి. బేసిన్‌లో ఆశించినంత గ్యాసు దొరకక ఆ తరువాతి కాలంలో ఇటువంటి కేంద్రాలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. రాష్ట్రంలో విద్యుత్తు ప్రధానంగా బొగ్గు నుంచే వస్తోంది. 2010లో గది ఏసీలకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి కావడం, 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారుచేయాలన్న నిబంధన ఈ కారణంగా వచ్చినవే.

ఇక మిగిలింది పాత యంత్రాల సంగతి. ఆర్-22 ఏసీలు ఇంకా మన జిల్లాల్లో ఎన్నో గోడల మీద ఉన్నాయి. అవి ఒక్కొక్కటే పాతసామాన్ల దుకాణానికి చేరుతున్నాయి. దుకాణదారుకు కావలసింది రాగి. ఇ-వ్యర్థాల నియమాల్లో ఏసీలు ఉన్నాయి. వాటిలోని గ్యాసును తీసి భద్రపరిచే పద్ధతీ తెలిసిందే. కాని ఆ గ్యాసుకు దుకాణంలో ధర లేదు, రాగికి ఉంది. రంపపు బ్లేడుతో గొట్టాన్ని కోస్తే ఒక్క క్షణం బుస్సుమంటుంది. ఆ క్షణంలో పోయింది 780 లీటర్ల పెట్రోలు లెక్క. ఆ గ్యాసును తిరిగి ఇచ్చినవారికి కిలోకు ఇంత అని కట్టే ఏర్పాటు ఉంటే కోసే ముందు సిలిండరు తగిలించేవాడు అదే దుకాణంలోంచే వస్తాడు.